బరువు బండికే దారి

మొన్న నరసరావుపేటలో మా లారీకి కొత్త రంగు వేయించాం. పెయింటరు తలుపు పక్కన తెల్ల అంకెలు దిద్దుతూ, "ఖాళీ బరువు ఎంత రాయమంటావన్నా?" అని అడిగాడు. రోజూ వినే మాటే. కాగితాల్లో చూసి చెప్పాలి, అంతే. కానీ చేతిలో టీ గ్లాసు కింద పెట్టి పక్కకి వెళ్లి నిలబడ్డాను.

"ఏందన్నా, ఎండదెబ్బా?" అని కంగారుపడ్డాడు పెయింటరు.

ఎండదెబ్బ కాదు. అదే మాట విని ఒకాయన పగలబడి నవ్వాడు ఒకప్పుడు. ఆ నవ్వు వినపడింది. ఆయన గురించి రాయాలని అప్పటినుంచీ మనసు పీకుతోంది. నేను చదివింది ఐదో తరగతి. ఉత్తరాలు తప్ప ఏమీ రాసి ఎరగను. ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియటంలేదు. ఆయన పేరు మాత్రం రాయను, ఆ ఇంటివాళ్లు మా వీధిలోనే ఉన్నారు. మామ అంటాను. మాకు చుట్టం కాదు గానీ, వీధిలో అందరికీ మామే.

మామది రెండెడ్ల బండి. గురజాల వైపు క్వారీల నుంచి నాపరాళ్లు తోలేవాడు. పొద్దున్నే బండి కట్టే ముందు రెండెడ్ల నొసటా బొటనవేలితో సిలువ గుర్తు వేసేవాడు. తరవాత తన నొసట వేసుకునేవాడు. "ముందు వాటికి, తరవాత నాకు. లాగేది అవి గదా" అనేవాడు. ఎత్తు వస్తే ఎంత ఎండలోనైనా బండి దిగి, ఎడ్ల ముందు పగ్గం పట్టుకుని నడిచేవాడు. దిగినందువల్ల ఎడ్లకి తగ్గే బరువు ఎంత? ఆయనకి లెక్కే. "నేను ఐదు మణుగులుంటానురా. ఐదు మణుగులు నీ నెత్తిన పెడితే తెలుసుద్ది" అనేవాడు.

బరువు చెప్పటంలో ఆయనకి కాటా అక్కర్లేదు. వీధిలో ఎవరికి బిడ్డ పుట్టినా ఎత్తుకుని, రెండుసార్లు పైకీ కిందికీ ఊపి, "రెండు వీశెల పైన పావు" అనేవాడు. తల్లులు తిట్టేవాళ్లు.

"ఏంది మామా, బిడ్డా బెల్లం దిమ్మా? దిష్టి తగులుద్ది."

"బెల్లం దిమ్మయితే ధర కూడా చెప్పేవోణ్ణి గదే."

కళ్లు మూసుకుని కూర్చుని, దారిన పోయే బండి చక్రం చప్పుడు విని, అందులో ఎన్ని బస్తాలున్నాయో చెప్పేవాడు. మేం పరుగెత్తుకెళ్లి లెక్కపెట్టి వచ్చేవాళ్లం. తప్పగా నేను చూడలేదు. వాగుడుకాయలని చూస్తే, "ఖాళీ బండిరా వాడు, మోతే" అని తీసిపారేసేవాడు.

మా రోడ్డు గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. అప్పట్లో మధ్యన ఒక్క బండి పట్టేంత కంకర పట్టీ ఉండేది. రెండు పక్కలా నల్లరేగడి నేల. ఎండాకాలం ఆ నేల రాయిలా ఉంటుంది. వాన పడితే జిగట. బరువుతో ఉన్న బండి ఆ జిగట్లోకి దిగితే ఇరుసు దాకా కూరుకుపోతుంది. రాళ్లన్నీ దించి, బండిని పైకి లాగి, మళ్లీ ఎత్తుకోవాలి. ఒక పూట పోయినట్టే. ఖాళీ బండికి ఆ బాధ లేదు, ఎడ్లు ఒక్క ఊపులో లాగేస్తాయి. అందుకని బండోళ్లలో ఒక కట్టు ఉండేది. ఎదురుపడితే ఖాళీ బండి కిందికి దిగాలి. బరువు బండి రోడ్డు మీదే పోవాలి. ఇద్దరూ బరువుతో ఉంటే తక్కువ బరువు వాడు దిగాలి. ఎవరి బండి, ఎవరి కులం, ఎవరి ఆస్తి అన్న మాట లేదు. ఎవరిది ఎక్కువ బరువో తేలక తగువు పడితే మామ కోసం కబురు పంపేవాళ్లు. ఆయన వచ్చి, చక్రం కింద నేల ఎంత నలిగిందో వేలు పెట్టి చూసి, చెప్పేవాడు. ఆ మాటే ఆఖరు.

నాకు ఈ కట్టు నేర్పింది మామే. అప్పుడు నేనూ బండి తోలేవాణ్ణి. పెళ్లిచూపులకి రెంటచింతల పోతున్నాను. కొత్త చొక్కా. ఎడ్లని ఉరికిస్తున్నాను. ఎదురుగా మామ, బండి నిండా రాళ్లు. నేను దిగలేదు. చూసీచూడనట్టు నడిమధ్యకి తోలాను. మామ బండి దిగి, అరచెయ్యి ఎత్తి నిలబడ్డాడు.

"ఒరేయ్, బండిలో ఏముంది?"

"ఏం లేదు మామా."

"ఏం లేనోడివి నడిరోడ్డు మీద ఊరేగింపేందిరా?"

"తొందర మామా, పెళ్లిచూపులకి పోతన్నా."

"అయితే మరీ దిగాల. ఇప్పుడు ఖాళీగా పోతన్నావు, రేపు బరువుతో వస్తావు. ఆ రోజు నేను దిగుతాలే."

దిగాను. చొక్కా మీద బురద పడింది. రెండు నెలలకి పెళ్లి చేసుకుని, నా భార్యని బండిలో ఎక్కించుకుని వస్తుంటే మామ ఖాళీ బండితో ఎదురొచ్చాడు. దూరం నుంచే చూసి రోడ్డు దిగాడు. భుజం మీద తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని, మేం దాటిపోయే దాకా నిలబడ్డాడు. నా భార్య ఇప్పటికీ చెబుతుంది, జీవితంలో తనకి జరిగిన మర్యాద అదేనని.

మాచర్ల అవతల నది మీద డ్యాం పని మొదలయ్యాక మా వైపు లారీలు వచ్చాయి. నేను ఎడ్లని అమ్మేసి డ్రైవింగు నేర్చుకున్నాను. సిమెంటు బస్తాలు డ్యాంకి చేరవేయటం, ఖాళీగా తిరిగి రావటం. మొదటిసారి లారీ వీధిలోకి తెచ్చిన రోజు అందరూ వచ్చి చూశారు. మామ మాత్రం చుట్టూ తిరిగి, టైరుని మడమతో తన్ని, తలుపు పక్కన ఉన్న అంకెలు చూపించాడు.

"ఏందిరా ఈ రాతలు?"

"ఖాళీ బరువు మామా."

"అంటే?"

"ఏమీ ఎత్తకుండా ఉత్త లారీ ఉండే బరువు."

అప్పుడు నవ్వాడు. నడుం పట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేలా. "ఖాళీకి బరువేందిరా! ఒరేయ్, వీడు ఖాళీని తూచాడంట, రండే చూద్దురు!"

"నిజం మామా. ముప్ఫై అయిదు బియ్యం బస్తాలంత ఉంటది. నీ బండి నిండా రాళ్లేసినా దీంట్లో మూడో వంతే."

"మరి ఖాళీగా పోయేప్పుడు అంత మోతేంది? బరువున్నది మోగదు. మోగేది బరువు కాదు."

చెవితో బరువు చెప్పే మనిషి ఆయన. లారీ ఖాళీగా పోతుంటే తలుపులు, గొలుసులు, వెనక పలకలు డబడబమని కొట్టుకుంటాయి. ఆ చెవికి అది ఖాళీ డబ్బా, అంతే.

"సరే, ఎడ్లయితే పగ్గం లాగితే ఆగుతాయి. దీన్నెట్టా ఆపుతావు?"

"కాలితో తొక్కితే ఆగుద్ది."

"ఏదీ, చూపియ్యి."

ఇక్కడ నేను చేసింది రాయటానికి చెయ్యి ఆడటంలేదు. అయినా రాయాలి. నాకు అప్పుడు ఇరవై రెండేళ్లు. కొత్త లారీ. మామని వీధి చివర నిలబెట్టి, దూరం నుంచి వేగంగా తోలుకొచ్చి, బారెడు దూరంలో ఆపాను. ఎండాకాలం, పొడి నేల. దుమ్ము లేచింది. ఆడవాళ్లు కేకలు పెట్టారు. మామ కదల్లేదు. రెప్ప వెయ్యలేదు. దుమ్ములోంచి ఆయన చప్పట్లు వినపడ్డాయి.

"మాట వింటందిరా! నా ఎడ్ల కన్నా బాగా వింటంది!"

"నువ్వు బరువుతో వస్తే నేనే దిగుతా మామా, లారీ అయినా సరే" అన్నాను.

దిగాను కూడా. మూడు నాలుగేళ్లు ఆ మాట తప్పలేదు. వానాకాలం మామ బండి దూరాన కనపడగానే, గట్టి నేల ఉన్నచోట ముందే పక్కకి ఆపుకునేవాణ్ణి. మిగతా డ్రైవర్లు వెక్కిరించేవాళ్లు. "లారీ తోలతన్నావా, ఇంకా ఎడ్లే తోలతన్నావా?" అని. ఎండాకాలం మాత్రం మాకు అదొక ఆట. మామ బండి కనపడగానే నేను హారన్ కొట్టేవాణ్ణి. ఆయన బండి దిగి, ఎడ్ల ముందుకు వచ్చి, అరచెయ్యి ఎత్తి నిలబడేవాడు. నేను దగ్గరికంటా వచ్చి, బారెడు దూరంలో ఆపి, అప్పుడు పక్కకి దిగేవాణ్ణి. "పోరా, ఖాళీ నాయాలా" అని నవ్వుకుంటూ తోలుకుపోయేవాడు. నా లారీ ఒక్కటే అలా ఆగుతుందని ఆయన అనుకోలేదు. ఖాళీ లారీ ఏదైనా ఆగుతుంది, దిగుతుంది అనుకున్నాడు. అనుకునేలా చేసింది నేను.

ఒకరోజు మామ వాళ్లింటికి వెళితే అత్త, అంటే మామ భార్య, నన్ను గుమ్మంలో ఆపింది.

"ఏరా, మా ఆయన మీదకి లారీ తోలతన్నావంట?"

"ఆట అత్తా."

"ఆటలాడే వయసేనా ఆయనది?"

లోపల నుంచి మామ అరిచాడు. "ఏమే, వాడు నా శిష్యుడే. వాణ్ణేమనబాక."

ఆ ఏడు తొలకరి ముందే వచ్చింది. రెండు రోజులు ముసురు పట్టి, మూడో రోజు పొద్దున తెరిపిచ్చింది. నేను డ్యాం దగ్గర బస్తాలు దించి, ఖాళీగా గురజాల వైపు వస్తున్నాను. రెంటచింతల దాటాక ఒక వాగు ఉంది. వాగు దాకా పల్లం, వాగు దాటాక ఎత్తు. పల్లం కొసన వాగు మీద చిన్న కల్వర్టు, దాని రెండు పక్కలా గుంటలు. నేను పల్లంలో దిగుతున్నాను. ఎదురుగా కల్వర్టు దాటి మామ నా వైపు ఎత్తు ఎక్కుతున్నాడు. రెంటచింతలలో ఎవరో కొత్త ఇంటి వసారాకి రాళ్లు. ఎత్తు కదా, బండి దిగి ఎడ్ల ముందు నడుస్తున్నాడు.

నేను హారన్ కొట్టాను. పక్కకి ఆపుకునే గట్టి నేల అక్కడ లేదు, తప్పుకోమని కొట్టాను. ఆయన ఆగాడు. పగ్గం వదిలి, రెండడుగులు ముందుకు వచ్చి, అరచెయ్యి ఎత్తాడు.

నవ్వుతున్నాడు.

బ్రేకు మీద నిలబడ్డాను. చక్రాలు ఆగిపోయాయి. లారీ ఆగలేదు. వెనక బరువు లేక, తడి కంకర మీద లారీ తోక ఒక పక్కకి తిరిగింది. అద్దంలో కాదు, నా పక్క కిటికీలోంచి కనపడింది నాకు లారీ వెనక భాగం. ఎప్పుడూ అలా చూడలేదు. పక్కకి దించుదామంటే గుంట. స్టీరింగు తిప్పుతున్నా లారీ అటు పోవటం లేదు. నా చేతిలో ఏమీ లేదు. ముప్ఫై అయిదు బస్తాల ఇనుము దానంతట అది జారుతోంది.

మామ ముఖంలో భయం లేదు. ఆ ముఖం నేను మర్చిపోలేను. లెక్క తప్పినవాడి ముఖం. నోరు కొంచెం తెరిచి, తల పక్కకి వంచి, ఏదో వింటున్నట్టు చూశాడు. చెయ్యి ఎత్తే ఉంది. ఆఖర్న ఒక్కసారి వెనక్కి తిరిగి, ఎడ్ల తలలు రెండు చేతులతో పక్కకి తోశాడు. తనని తాను తోసుకోలేదు.

లారీ తోక బండికి తగిలింది. రాళ్లు ముందుకు జారాయి.

ఎలా దిగానో తెలియదు. ఒక ఎద్దు లేచి నిలబడి ఉంది. ఇంకొకటి కాడి కింద పడి కాళ్లు కొట్టుకుంటోంది. మామ నడుం దాకా రాళ్ల కింద ఉన్నాడు. పొలాల్లోంచి నలుగురు పరిగెత్తుకుంటూ వచ్చారు. ఒక్కో రాయీ తీస్తున్నాం. నా చేతిలోంచి ఒక రాయి జారిపోయింది. మామ నన్నే చూస్తున్నాడు.

"ఖాళీదే గదరా?" అన్నాడు.

"మామా, మాట్లాడబాక."

"ఖాళీదే. నేను విన్నా గదా. మరి ఎందుకు ఆగలా?"

ఆ మాటే నాలుగైదు సార్లు అడిగాడు. నొప్పి గురించి ఒక్క మాట లేదు.

గురజాల ఆస్పత్రికి తీసుకుపోవటానికి ఆ లారీ తప్ప ఇంకోటి లేదు. గడ్డి పరిచి, వెనక పడుకోబెట్టాం. రెండు బారలు పోనిచ్చానో లేదో, ఖాళీ లారీ ఎగిరెగిరి పడుతుంటే ఆయన కేక వినపడింది. ఆపి వెనక్కి ఉరికాను.

"బరువెయ్యరా" అన్నాడు పళ్లు బిగబట్టి. "ఉత్త బండి ఎగిరిపడుద్ది. రాళ్లెత్తి ఎయ్యి."

మేం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆయనని చితక్కొట్టిన రాళ్లే. ఏవి ఎక్కడ వెయ్యాలో పడుకునే చెప్పాడు. "ఇరుసు మీదకి రావాల. వెనక్కి కాదురా, మధ్యకి." చెప్పినట్టే వేశాం. ఆయనకి రెండు పక్కలా రాళ్లు పేర్చి, నెమ్మదిగా పోనిచ్చాను. కుదుపు తగ్గింది. గురజాల దాకా ఇంక కేక రాలేదు.

ఆస్పత్రిలో అత్త నన్ను కొట్టలేదు, తిట్టలేదు. "ఆడుకున్నారు గదరా ఇద్దరూ" అని మాత్రం అంది.

మర్నాడు హెడ్డు కానిస్టేబులు కాగితాలు పట్టుకుని వచ్చాడు. నన్ను మంచం పక్కనే నిలబెట్టాడు.

"పెద్దాయనా, వీడు నీ మీదకి లారీ తోలి ఆటలాడేవాడని ఊళ్లో అంటన్నారు. నిజమేనా?"

అవునంటే నా లైసెన్సు పోతుంది, జైలు కూడా. ఇంట్లో ఇద్దరు చిన్న పిల్లలు. కాదంటాడని మాత్రం నేను అనుకోలేదు. బిడ్డ బరువులో పావు వీశె కూడా ఎక్కువ చెప్పని మనిషి.

"లేదయ్యా" అన్నాడు మామ. "ఎప్పుడూ లేదు. వాడు దిగబోయాడు. నేనే నడిమధ్యన నిలబడ్డా."

హెడ్డు నా వంక చూశాడు. నేను నోరు తెరవలేదు. రాసుకుని, వేలిముద్ర తీసుకుని వెళ్లిపోయాడు. నేను నోరు తెరవలేదని ఇప్పుడు రాస్తున్నాను. ఎక్కడా చెప్పుకోలేదు.

ఆ సాయంత్రం బండోళ్లు పది మంది దాకా చూడటానికి వచ్చారు. వాళ్లు కోపంగా ఉన్నారు. లారీలని రోడ్డుకి అడ్డంగా రాళ్లేసి ఆపుదామని ఒకడు, కలెక్టరు దగ్గరికి పోదామని ఒకడు. మన కట్టు ప్రకారం మామదే న్యాయం అని అందరూ. మామ చెయ్యి కొంచెం ఎత్తాడు. అందరూ ఊరుకున్నారు.

"మన కట్టేందిరా?"

"బరువు బండికే దారి మామా."

"ఎవరిది ఎక్కువ బరువు? నాదా, వాడిదా?"

ఒకళ్లిద్దరు నా వంక చూశారు.

"వాడిది. ఖాళీదైనా వాడిదే. నేను ఎంచటంలో తప్పా. వాడు నాకు ముందే చెప్పాడు, నేను నవ్వా. కట్టు తప్పింది నేను." కొంచెం ఊపిరి తీసుకున్నాడు. "ఇంక లారీ వస్తే దిగండి. ఖాళీదైనా దిగండి. తగువు పెట్టుకోబాకండి."

కాదు మామా అని అరవాలనిపించింది. రెండు బండ్లు గుద్దుకుంటే కాడి విరుగుతుంది, చక్రం పోతుంది. లారీ తగిలితే మనిషే పోతాడు. ఎక్కువ బరువు ఉన్నవాడికి దారి కాదు ఇవ్వాల్సింది, ఎక్కువ బరువు ఉన్నవాడే ఆగాలి. ఇదంతా నా నోటి దాకా వచ్చింది. అంతమంది ముందు, ఆయన అబద్ధం వల్ల బయట తిరుగుతున్నవాణ్ణి, నేనేం చెప్పను? తల వంచుకుని నిలబడ్డాను.

మూడో రోజు తెల్లవారి మామ పోయాడు.

నేను మళ్లీ లారీ ఎక్కాను. ఎడ్లు అమ్ముకున్నవాణ్ణి, ఇంకో పని రాదు. ఆటలు మాత్రం పోయాయి. మామ మాట ఆ రోడ్డు పొడుగునా పాకిపోయింది. మాచర్ల నుంచి గురజాల దాకా ఒక్క బండోడు లారీకి ఎదురు నిలబడలేదు. డ్రైవర్లకి హాయి. హారన్ కొడితే చాలు, రోడ్డంతా వాళ్లదే.

తరవాతి ఏడు వానల్లో ఒకరోజు నేను ఖాళీగా వస్తున్నాను. ఎదురుగా రాళ్ల బండి. దూరం నుంచే లారీ ఆపేశాను. ఇంజను కూడా ఆపాను. బండోడు నాకు తెలియనివాడు, పడుచువాడు. నన్ను చూసి ఎడ్లని బురదలోకి మళ్లించబోయాడు. నేను కిందికి దూకి పరిగెత్తాను.

"దిగబాకయ్యా! నేను ఆపా గదా. నెమ్మదిగా వెనక్కి పోయి గట్టి నేల మీద ఆపుకుంటా. నువ్వు రోడ్డు మీదే రా."

"వద్దు డ్రైవరు గారూ, మీరు పోండి. మీదే బరువు. పెద్దాయన చెప్పి పోయాడు గదా."

"ఆయన చెప్పింది తప్పయ్యా."

అతను నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. చచ్చిపోయినాయన మాటని లారీ డ్రైవరు తప్పంటున్నాడు. ఎడ్లని అదిలించాడు. బండి దిగింది. చక్రం ఒకటి ఇరుసు దాకా కూరుకుపోయింది. నేను బురదలోకి దిగి చక్రానికి భుజం పెట్టాను. కదల్లేదు.

"రాళ్లు దించుదాం పట్టు" అన్నాను.

"ముందు మీ లారీ తియ్యండి" అన్నాడు అతను, కోపం లేకుండా. "అది రోడ్డు మీదుంటే నేను ఎట్టా ఎక్కేది?"

వెళ్లి ఇంజను స్టార్టు చేశాను. అతని పక్కనుంచి వీలైనంత నెమ్మదిగా పోనిచ్చాను. అద్దంలో చూస్తే, అతను ఒక్కడే మోకాలి లోతు బురదలో నిలబడి, మొదటి రాయిని రొమ్ముకి ఆనించుకుని దించుతున్నాడు.